మూడో చుక్క కింద తాళం

అబ్రహాం సారు చుక్క పెట్టకుండా మాట్లాడలేడు. రాతలో అనుకుంటున్నారేమో, నోటితోనే. క్యాంటీన్లో సత్తమ్మతో, "ఒక చుక్క: టీ. రెండు చుక్కలు: చక్కెర తక్కువ. మూడు చుక్కలు: ఎందుకు తక్కువనో అడగొద్దు," అనేవాడు.

"ఏ చుక్కల్లేకుంట తాగు సారూ, సల్లారిపోతది," అనేది సత్తమ్మ.

నాచారం పారిశ్రామికవాడలో మాది బకెట్లు, మగ్గులు చేసే ఫ్యాక్టరీ. ఆయన టైం ఆఫీసు క్లర్కు, అంటే హాజరు, లీవులు చూసే మనిషి. నేను రామంతాపూర్ నుంచి షేర్ ఆటోలో నలిగి వచ్చే కంప్యూటర్ ఆపరేటర్ దుర్గాభవానిని. 2007లో చేరిన రోజే ఆయన తన ఫైలు చూపించాడు. నలభై రెండు మంది సంగతులూ నోట్‌ప్యాడ్‌లో ఒకే ఒక్క ఫైలు. ఒక చుక్క పక్కన మనిషి పేరు. రెండు చుక్కల పక్కన లీవు తేదీ, దానికి బదులు పనిచేసిన తేదీ. మూడు చుక్కల పక్కన 'కారణం' అనే మాట, దాని కింద అసలు సంగతి.

"బిడ్డా, మూడో చుక్క కింద రాసినదానికి తాళమెయ్యాలె. పైన పేర్లు, తేదీలు మాత్రం కదలొద్దు. నీతోని అయితదా?"

"ఎంతసేపు సార్!" అన్నాను. అప్పుడు నాకు డిప్లొమా పొగరు.

అక్షరాల్ని తారుమారు చేసే చిన్న ప్రోగ్రాం రాశాను. మొదటిసారి ప్యాకింగ్‌లో పనిచేసే స్వర్ణలత పేరు కింద ఉన్నదంతా, తేదీలతో సహా గజిబిజి అయిపోయింది. "పెట్టెకు తాళమెయ్యమంటే ఇల్లే మాయం జేసినవు గదా!" అని సారు తల పట్టుకున్నాడు. అంతా వెనక్కి తిప్పి మళ్లీ రాశాను. ఈసారి కారణం మాత్రమే మారింది. కానీ ఆ గజిబిజిలో ఒక వరస సరిగ్గా చుక్కతో మొదలైంది. చుక్క కనిపిస్తే మనిషే అని ఆయన నమ్మకం. మర్నాడు హాజరుపట్టీలో నలభై మూడో పేరు తేలింది. ఆయన కాగితం పట్టుకుని షెడ్డంతా తిరిగాడు.

"ఈ 'క్యూ తొమ్మిది హ్యాష్' ఎవరమ్మా? ఒక్క దినం గూడ డ్యూటీకి వస్తలేడు!"

చివరికి, తాళం వేసిన ప్రతి వరస ముందూ కాస్త ఖాళీ వదిలేలా చేశాను. వరస మొదట్లోనే చుక్క ఉంటే పేరు, ఖాళీ తర్వాత ఉంటే ఉత్త అక్షరం. గజిబిజి బుద్ధిగా తన గదిలో కూర్చుంది. క్యూ తొమ్మిది హ్యాష్ ఉద్యోగం ఊడింది. "పాపం," అన్నాడు సారు, నిజంగానే.

తాళం మాట, అంటే పాస్‌వర్డ్, ఎవరిది వాళ్లదే. కారణం చెప్పినవాళ్లే కీబోర్డు మీద కొట్టాలి. ఆ కాసేపూ ఆయన గోడమీది క్యాలెండర్ వైపు తిరిగి కళ్లు కూడా మూసుకునేవాడు.

"సారూ, 'ఎమ్' ఏడున్నది?" అని సత్తమ్మ ఒంటి వేలితో వెతుక్కునేది.

"నన్నడగకు! మాట బయటపడుతది!" అని గోడకే అరిచేవాడు.

రెండేళ్లకు కొత్త మేనేజరు వచ్చాడు. పది లీవులు దాటినవాళ్లను తీసేస్తానని తానే లిస్టు రాసుకున్నాడు. మొదటి పేరు స్వర్ణలతది, పదకొండు లీవులు. ఇంట్లో ఆమె ఒక్కదాని పని మీదే పొయ్యి వెలిగేది. ఆమెను టైం ఆఫీసుకు పిలిపించి, మేనేజరు అబ్రహాం సారు మీద విరుచుకుపడ్డాడు.

"ఎందుకండీ ఇన్ని లీవులు? కారణం తెరవండి."

"నాకు రాదు సార్. తాళం ఆమెది."

"మీరు రాసింది మీకే తెలీదా?"

"రాయంగనే మర్సిపోత సార్. గదే నా డ్యూటీ."

"అయితే ఆమెనే చెప్పమనండి. లేదంటే సాయంత్రం ఇద్దరూ ఇంటికే!"

స్వర్ణలత ముఖం పాలిపోయింది. "చెప్త సార్..." అని నోరు తెరిచింది. అబ్రహాం సారు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు బిడ్డా. మూడో చుక్క దాకా పోవుడెందుకు? సార్, జర రెండో చుక్క సూడుండ్రి."

పదకొండు లీవులు. ఒక్కోదాని పక్కనా బదులు పనిచేసిన ఆదివారం. అవీ పదకొండే. నా మొదటి ప్రోగ్రాం మింగేసింది ఇలాంటి తేదీలనే. అలాగే వదిలేసి ఉంటే ఈ రోజు చూపించడానికి ఏమీ మిగిలేది కాదు.

"తేదీలు కంపెనీయి సార్. కారణం ఆమెది," అన్నాడు అబ్రహాం సారు.

మేనేజరు స్క్రీన్ మీద వేలు పెట్టి రెండుసార్లు లెక్కపెట్టాడు. "మరి ఈమె పేరు లిస్టులో ఎవరు పెట్టారు?" అని నన్ను గద్దించి వెళ్లిపోయాడు. స్వర్ణలత కళ్లు తుడుచుకుని ప్యాకింగ్‌కు నడిచింది. ఆ కారణమేమిటో నాకు ఈనాటికీ తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

మరుసటి ఏప్రిల్‌లో నాకు ఉప్పల్‌లో మంచి ఉద్యోగం వచ్చింది. చివరి రోజు సారు నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టాడు.

"నీ పేరు కింద గూడ ఒకటున్నది బిడ్డా. దానికి తాళం నేనే ఏసిన. మాట 'జరం'."

నా చెవులు వేడెక్కాయి. మార్చిలో అమ్మకు జ్వరమని చెప్పి లీవు పెట్టాను. నేను ఆ మాట కొట్టాను. గజిబిజి విడిపోయి ఆయన రాత బయటపడింది:

"అమ్మకు జరమన్నది. సర్టిఫికెట్ల ఫైలు పట్టుకొని ఉప్పల్ ఆటో ఎక్కింది, నేను సూసిన. ఆ దినం ఆమె పని నేను జేసిన. ప్రభువా, ఆ పిల్లకు ఆ ఉద్యోగం రావాలె."

నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆయన వైపు చూశాను. క్యాలెండర్ వైపు తిరిగి, కళ్లు గట్టిగా మూసుకుని నిలబడి ఉన్నాడు.

"అయిపోయిందా బిడ్డా?" అన్నాడు. "ఇగ తిరగొచ్చునా?"