దొరువు నీళ్ళ రుచి చెప్పిన శుక్రవారం

మా చిన్నప్పుడు... శుక్రవారం తెల్లారేసరికి నాన్న పికప్ బండిలో ముందు సీటు మీద ముగ్గురం ఇరుక్కుని కూర్చునేవాళ్ళం. అమ్మ ఒళ్ళో టిఫిన్ క్యారియర్, నా ఒళ్ళో మంచినీళ్ళ మరచెంబు. ఖతర్‌లో, ఉమ్ ఘువైలినా పేటలో ఉన్న మా ఇంటి నుంచి ఉత్తరాన ఉన్న తోటకి గంట దారి.

ఆ తోట ఒక ఖతరీ పెద్దాయనది. నాన్న అక్కడ సూపర్‌వైజరు. యజమానిని అందరం అర్బాబ్ అనేవాళ్ళం.

దారి పొడుగునా నాన్న చెప్పేది ఒకటే కథ... వలందా తాత కథ. డచ్చివాళ్ళని మా వైపు వలందావాళ్ళు అనేవారు. ఎన్నో తరాల కిందట ఆయన ఓడెక్కి నిజాంపట్నం రేవులో దిగాడట. తోటివాళ్ళు బట్టల బేరాలు చూసుకుని వెళ్ళిపోతే, ఈయన మాత్రం మా ఊరి పిల్లని చేసుకుని, సముద్రం ఒడ్డున ఇసుక నేల తీసుకుని సేద్యంలోకి దిగాడట. దీనికి కాయితం ముక్క లేదు, పటం లేదు. మా మేనత్త పిల్లికళ్ళే సాక్ష్యం.

"ఆయనా మనలాగే పరాయి ఇసుకలో బతకడానికొచ్చినోడే తల్లీ" అనేవాడు నాన్న.

"ఆయనకి వీసా బాధ లేదుగా" అనేది అమ్మ, కిటికీలోంచి బయటికి చూస్తూ.

గల్ఫ్‌లో పెరిగిన పిల్లలకి 'క్యాన్సిల్' అన్న మాట గురించి నేను చెప్పక్కర్లేదు. నా పక్కన కూర్చునే అమ్మాయి బుధవారం వరకూ బడికి వచ్చింది... గురు, శుక్రవారాల సెలవులయ్యాక శనివారం రాలేదు. వాళ్ళ నాన్న వీసా క్యాన్సిల్ అయి అందరూ ఊరికి వెళ్ళిపోయారన్నారు. పాపం, తన పెన్సిలు డబ్బా నా దగ్గరే ఉండిపోయింది.

ఆ ఏడు తోటలో బోరు నీళ్ళు ఉప్పెక్కాయి. కీరా తీగలకి ఆకుల అంచులు మాడిపోతూ వచ్చాయి. ఈ పంట కూడా పోతే వేరే మనిషిని చూసుకుంటానని అర్బాబ్ చెప్పేశారు. ఇంట్లో ఎవరికీ ముద్ద దిగేది కాదు. ఒకరోజు అమ్మ సూట్‌కేసులు బయటికి లాగి, దుమ్ము దులిపి, మళ్ళీ మంచం కిందికి తోసేసింది.

అప్పుడు నాన్నకి దొరువు గుర్తొచ్చింది.

మా వైపు ఇసుక నేలల్లో బావి బదులు దొరువు తవ్వుతారు. మనిషి లోతు గుంట... అందులోకి ఏటవాలుగా దిగి, కుండలతో ముంచుకొచ్చి మొక్కలకి పోయడమే. వాన నీళ్ళు ఇసుక పైపొరలో తియ్యగా నిలబడి ఉంటాయి, ఇంకా లోతుకి పోతే ఉప్పు తగులుతుంది. ఆ లోతు కొలత వలందా తాత పెట్టిందేనని మా ఇంట్లో చెప్పుకునేవారు. ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. కొత్త దొరువు నీళ్ళు ముందుగా ఇంట్లో చిన్నపిల్ల రుచి చూసి చెప్పాలి. తియ్యగా ఉన్నాయంటేనే మొక్కకి పోస్తారు.

ఖతర్‌లో ఏడాదికి నాలుగు చినుకులు పడితే గొప్ప. అయినా నాన్న పట్టుబట్టి, మా తాతలు ఇసుకలోనే పండించారని అర్బాబ్‌ని ఒప్పించి మరీ తవ్వించాడు. మునిగిపోయే మనిషికి అంతకన్నా ఏం తోస్తుంది లెండి.

ఆ శుక్రవారం మేం వెళ్ళేసరికి గుంట అడుగున నీళ్ళు ఊరి ఉన్నాయి. నాన్న దిగి, స్టీలు గ్లాసుతో ముంచుకుని పైకొచ్చాడు.

"రా తల్లీ... రుచి చూసి చెప్పు."

అర్బాబ్ నన్నే చూస్తున్నారు. పనివాళ్ళిద్దరూ నన్నే చూస్తున్నారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఒక్క గుక్క తాగాను.

ఉప్పు... పప్పులో రెండుసార్లు ఉప్పు పడ్డట్టు.

నాన్న మొహం చూశాను. ఆ మొహం చూస్తూ నిజం ఎలా చెప్పను?

"తియ్యగా ఉన్నాయి నాన్నా."

"హెలూ?" అని అడిగారు అర్బాబ్, తియ్యగానేనా అని. తలూపాను. పనివాళ్ళు బకెట్లు అందుకున్నారు. నాన్న మురిసిపోతూ గ్లాసులో మిగిలిన నీళ్ళు నోట్లో పోసుకున్నాడు... పోసుకుని అలాగే ఆగిపోయాడు.

నా వైపు చూశాడు. కోప్పడి ఉంటే బాగుండేది. ఆయన ఊరుకున్నా ఆ పూటకి గండం గడిచేది, మొక్కలు మాడటానికి ఎలాగూ వారం పడుతుంది.

"మాఫీ హెలూ, అర్బాబ్" అన్నాడు. తియ్యగా లేవని. పిల్లకి తెలియలేదని, ఇక్కడ దొరువు తవ్వించడం తన తప్పేనని వచ్చీరాని అరబ్బీలో చెప్పుకున్నాడు.

తిరుగు దారిలో అమ్మే అడిగింది.

"ఎందుకే అలా చెప్పావ్?"

"క్యాన్సిల్ చేస్తారని."

నాన్న బండి పక్కకి ఆపి స్టీరింగ్ మీద తల ఆన్చాడు. "పిల్లకి ఇంత భయం పెట్టానా నేను" అన్నాడు. మా నాన్న ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

తరవాత పది రోజులు ఫోన్ మోగితే చాలు, ఇంట్లో అందరం చేస్తున్న పని ఆపేసేవాళ్ళం. చివరికి అర్బాబ్ క్యాన్సిల్ చేయలేదు. తోట పనిలోంచి తీసేసి, అబద్ధం చెప్పని మనిషని ఇంటి డ్రైవర్‌గా పెట్టుకున్నారు. మేం ఇక్కడే ఉండిపోయాం. నాన్న ఇరవై ఏళ్ళు వాళ్ళ పిల్లల్ని బడికి దింపాడు. వలందా తాత ఊసు మాత్రం మళ్ళీ ఎత్తలేదు. సిగ్గుతో నేనూ అడగలేదు.

నాన్న పోయి ఆరేళ్ళు. అమ్మా, మేనత్తా అంతకు ముందే పోయారు. ఇప్పుడు మేం ఉండే ముఐథర్ పేటలో కొట్లో ఇక్కడి ఏసీ షెడ్లలో పండిన కీరాలే నిగనిగలాడుతూ దొరుకుతున్నాయి. ఎవరూ ఏ నీళ్ళూ రుచి చూడక్కర్లేదు.

మొన్న మా అమ్మాయి "వలందా తాత పేరేంటమ్మా?" అని అడిగింది. నాకు ఆ పేరు గుర్తు లేదు. పేరు ఉండేది... నాన్న ప్రతి శుక్రవారం చెప్పేవాడు కూడా. నేను వింటున్నట్టు ఊ కొట్టేదాన్నే గానీ, నా చెవులు ఎప్పుడూ 'క్యాన్సిల్' అన్న మాట కోసమే కాచుకుని ఉండేవి.

మీ ఇంట్లో పాత పేర్లు తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారా? ఈ పోస్టు పక్కన పెట్టేసి, ముందు వెళ్ళి అడగండి... అడిగాక ఒక్క పేరైనా ఇక్కడ రాయండి. మా వలందా తాత పేరు చెప్పేవాళ్ళు ఇక లేరు.