టోపీ తెచ్చిన కుక్క

జీవితంలో నేను కుళ్ళుకున్నది ఇద్దరిని చూసి. ఒకరు మా ఎస్టేట్ ఆసుపత్రిలో మందులిచ్చే డ్రెస్సర్. ఇంకొకరు కుక్క.

మలయాలో తెల్లదొరల సర్కారు కమ్యూనిస్టులతో పోరాడుతున్న ఎమర్జెన్సీ రోజులు. బాగన్ దాతుక్ దగ్గరి మా కొబ్బరితోట చుట్టూ ముళ్ళకంచె. పొద్దుగూకితే ఎవరూ గడప దాటకూడదు. సినిమా వ్యాను వచ్చిన సాయంత్రం మాత్రం కంచె లోపలి మైదానంలో కూర్చోనిచ్చేవారు. సర్కారువారి హితబోధకు ముందు పాత మూగ రీలొకటి వేసేవారు. దొరగారి టోపీ గాలికి నదిలో పడుతుంది, కుక్క దూకి తెస్తుంది. అంతే కథ. వ్యానులో వచ్చినాయనకు తెలుగు రాదు. అందుకని బొమ్మ నడుస్తుంటే లైన్లనే కూలీల ఇళ్ళ వరసల్లో ఉండే మా తెలుగువాళ్ళలో ఎవరో ఒకరు మైకు పట్టుకుని మాట చెప్పాలి.

కాలేజీ చదివినవాణ్ణని మొదటిసారి నాకిచ్చారు. కుక్క తనంతట తాను దూకలేదనీ, కెమెరాకు అందని చోట ఎవరో మాంసం ముక్క చూపిస్తున్నారనీ విశదంగా చెప్పాను. జనం మర్యాదగా విన్నారు. కొందరు పడుకుని విన్నారు.

తర్వాతిసారి మైకు డ్రెస్సర్ చేతికి వెళ్ళింది. తెరమీది కుక్క నోరు విప్పింది.

"ఓలమ్మ, టోపీ ఎలిపోతంది. బాబుకి ఎండదెబ్బ తగిల్తే మందెవుడిస్తాడు?"

మైదానమంతా నవ్వింది. మా మరదలైతే కొంగు నోట్లో కుక్కుకుంది. బావను చేసుకుంటావా అని వాళ్ళ నాన్న, అంటే మా మామయ్య, అడిగిన ప్రశ్నకు ఆమె ఇంకా బదులివ్వలేదు. డ్రెస్సర్‌కేమో పెళ్ళి కాలేదు. పైగా మంచివాడు, అదొక ఇబ్బంది.

ఇంటికి నడుస్తూ ఆమె నాతో అంది: "బావా, నువ్వు కుక్కకి పాఠం సెప్పినావు. ఆయన కుక్కయిపోయినాడు."

కుక్క కావడం ఘనతని కాలేజీలో ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత లైన్లలో తిరిగే కుక్కలను శ్రద్ధగా గమనించాను. అవి నన్ను అంత శ్రద్ధగా చూడలేదు.

మెర్దేకాకు, అదే మలయా స్వాతంత్ర్యానికి, కాస్త ముందు వ్యాను మళ్ళీ వచ్చింది, అదే రీలుతో. డ్రెస్సర్ కంటే ముందే వెళ్ళి మైకు అడిగి తీసుకున్నాను. కుక్క ఒడ్డున ఆగి నీళ్ళవైపు చూస్తోంది.

"దూకమంటే దూకుతాను, టోపీ తెత్తాను," అంది కుక్క. "మామయ్యకి ఏటి సెప్తావో అది సెప్పు."

ఎవరూ నవ్వలేదు. మామయ్య ఒక్కసారి దగ్గారు. ఆడవాళ్ళు కూర్చున్న వైపు నుంచి ఆమె గొంతు వినిపించింది, మాట చివర మలయావాళ్ళ 'లా'తో సహా.

"ముందు దూకు లా, బావా. ఒడ్డుకొచ్చేసరికి అవునని సెప్పేస్తాను."

కుక్క దూకింది, టోపీ తెచ్చింది. ఆమె మాట నిలబెట్టుకుంది. అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టినవాడు డ్రెస్సరే. అదీ నాకు నచ్చలేదు.