కొమ్ముల గుండ్ల దాసప్ప

ఎద్దుల కొమ్ముల కొసలకు తొడిగే ఇత్తడి గుండ్లు కావాలంటే పామిడి చుట్టుపక్కల రైతులు ఇరవై ఏళ్లు దాసప్ప ఇంటికే వచ్చారు. వంటింటి పక్క రేకుల పంచలో లేతు మిషన్ పెట్టుకుని, రెండు చేతులతో రెండు పిడులు తిప్పుతూ, కంటి అంచనాతోనే ఇత్తడిని గుండ్రంగా కోసేవాడు. తొంభై ఎనిమిదిలో రోడ్డుకు అవతల దివాకర్ ఇంకో లేతు పెట్టాడు. అప్పటినుంచి దాసప్పకు తిన్న సంగటి అరగలేదు.

దివాకర్ గుండ్లు నిమ్మకాయల్లా నున్నగా ఉంటాయని అందరూ అన్నారు. అది మిషన్ గొప్పే కానీ మనిషిది కాదని దాసప్ప చెప్పుకు తిరిగాడు. చివరికి భార్య ఈశ్వరి కూడా ఆ గుండ్లనే మెచ్చుకుంది.

"ఉండే మాట చెప్తే ఉడుక్కుంటావేమి?" అంది. దాసప్ప కంచం ముందునుంచి లేచిపోయాడు.

పాతవాళ్లలో నారాయణప్ప ఒక్కడే మిగిలాడు. కొత్త కోడెకు ఒక జత చెప్పి, ఈసారి గరుగ్గా ఉంటే మాత్రం తీసుకోనని నవ్వుతూనే అన్నాడు. నవ్వినా ఆ మాట గుచ్చుకుంది.

ఇత్తడి కోసే బిట్టు అరువు అడిగే నెపంతో దాసప్ప దివాకర్ షెడ్డుకు వెళ్లాడు. మిషన్ చూస్తే తనదానికంటే పాతది. ముతకగా కోసిన గుండు తిరుగుతుంటే, అంచు పదును పెట్టిన సన్న పైపు ముక్కను దానికి ఆనించి, చేత్తో అటూ ఇటూ తిప్పుతున్నాడు దివాకర్. ఎత్తుపల్లాలన్నీ పొట్టులా రాలిపోతున్నాయి.

"పైపు ముక్కే అన్నా. కావాలంటే ఇదే తీస్కపో."

దాచుకుని ఉంటే తిట్టుకోవడానికైనా ఉండేది.

దాసప్ప ఆ ముక్క ముట్టకుండా వచ్చి, ఇంట్లో ఇంకో పైపుకు పదును పెట్టాడు. మొదటి గుండుకే పని కుదిరింది. సంతోషపడాల్సింది పోయి, ఇన్నేళ్లూ తనకెందుకు తట్టలేదని కుమిలిపోయాడు.

నారాయణప్ప వచ్చి, అందరు రైతుల్లాగే కళ్లు మూసుకుని గుండ్లను అరచేతుల్లో దొర్లించాడు.

"ఏమప్పా, దివాకర్‌తో చేపిచ్చినావా?"

దాసప్ప గుండ్లు లాక్కుని, మళ్లీ మిషన్‌కు బిగించి, ఒక్కోదాని నడుముకు లోతుగా గీత కోశాడు.

"నున్నగా ఉండేదాన్ని గీకినావు గదప్పా."

"గీకితే గీకినా. ఎవురు చేసిండేదో చేతికి తెలుస్తాది."

నారాయణప్ప నవ్వుకుంటూ ఆ జతే పట్టుకుపోయాడు. నెల తిరక్కముందే గీత గుండ్లు కావాలని ఇద్దరు రైతులు వెతుక్కుంటూ వచ్చారు. దాసప్ప వాళ్లను కూర్చోమని కూడా అనలేదు.

"ఈ గీత సంగతి దివాకర్‌కు ఏమన్నా చెప్పినారా?" అని అడిగాడు.