మళ్ళీ మడిచిన కాగితాలు

"అత్తయ్య వెళ్ళిపోతే పాపని ఎవరు చూస్తారు పెద్దమ్మా?"

కింది వాటాలో ఉన్న బైండింగు షాపు గడప దాటకముందే అడిగేశాను. పైన మా ఇంట్లో అత్తయ్య బ్యాగు సర్దుకుంటున్నారు. పాపకి ఏడో నెల. మా ఆయనకి సెలవు దొరకదు. నేను నీళ్ళు పరీక్షించే ల్యాబులో మళ్ళీ ఉద్యోగంలో చేరి ఎన్నాళ్ళో కాలేదు.

పెద్దమ్మ జిగురు కుంచె డబ్బాలో పెట్టింది. పుస్తకాలు కుట్టే ఆ షాపు ఆవిడదే. కాగితాల అంచులు కలవకపోతే ఆవిడకి అన్నం సయించదు. అందుకే వీధిలో అందరూ అంచు పెద్దమ్మ అంటారు.

"ఏమన్నావేమిటి ఆవిణ్ణి?"

"ఒక్క మాట అంటే ఒట్టు. ఆవిడ మరిగించి పెట్టిన పాలసీసా మళ్ళీ మరిగిస్తుంటే చూశారు. అంతే."

"ఇవాళ ఒక్కరోజేనా?"

ఇవాళ ఒక్కరోజు కాదు. అత్తయ్య వేసిన డైపరు విప్పి మళ్ళీ వేస్తాను. ఆరేసిన గుడ్డలు ఇంకోసారి జాడిస్తాను. ల్యాబులో ఒకరు చేసిన పరీక్ష ఇంకొకరు మళ్ళీ చేస్తే ఎవరూ నొచ్చుకోరు, చెయ్యకపోతేనే తప్పు. ఇంట్లోనూ అంతే అనుకున్నాను.

"నాకూ ఆ జబ్బే ఉండేది, కూర్చో," అంది పెద్దమ్మ.

భర్తకి చేతులు వణకడం మొదలయ్యాక షాపు ఆవిడ మీద పడింది. కాగితాలు మడవడానికి, కుట్టడానికి అప్పుడు నలుగురు ఆడవాళ్ళుండేవారు. వాళ్ళలో ఒకామె వట్టి వాగుడుకాయ. అందరూ చిలక అనేవారు. సూదీ నోరూ ఒకే వేగంతో నడిచేవిట. పెద్దమ్మకేమో వెంట్రుకవాసి వంకర కూడా కంటికి ఆనేది. అయినా ఎవర్నీ పల్లెత్తు మాట అనేది కాదు. వాళ్ళు భోజనానికి వెళ్ళగానే దొంతరల్లోంచి వంకర మడతలు ఏరి, విప్పి, తనే మళ్ళీ మడిచి పెట్టేసేది.

"ఎవరి మనసూ నొప్పించకుండా పని కానిస్తున్నానని తెగ మురిసిపోయేదాన్నే."

ఒక మధ్యాహ్నం మరిచిపోయిన కళ్ళజోడు కోసం చిలక వెనక్కొచ్చింది. గుమ్మంలో నిలబడి అంతా చూసింది. కిక్కురుమనకుండా వెళ్ళిపోయింది. చిలక నోరు మూసుకుందంటేనే భయపడాల్సింది. పెద్దమ్మకి అది తట్టలేదు.

మర్నాటి నుంచి మడతలు ఎలా పడితే అలా రావడం మొదలైంది. అడిగితే, "నువ్వెలాగూ మళ్ళీ మడుస్తావుగా అక్కా!" అని నలుగురిదీ ఒకే పాట. గొడవ లేదు, అలక లేదు. పని ఆవిడ ఒళ్ళో పెట్టేశారు, అంతే. తర్వాత ఒక్కొక్కరే రావడం మానేశారు. బడులు తెరిచే వేళ. షాపు నిండా నోటు పుస్తకాలు కావాల్సిన కాగితాలు. ఒక్కతే మడిచి, ఒక్కతే కుట్టి, పెద్దమ్మ వేళ్ళు వాచిపోయాయి. ఆలస్యమైతే ఇంకో షాపు చూసుకుంటామన్నారు బడివాళ్ళు. ఆ బడి ఆర్డరు పోతే షాపుకి తాళమే.

సిగ్గు చంపుకుని పెద్దమ్మే చిలక ఇంటికి వెళ్ళింది.

"నన్ను తిట్టాల్సింది అక్కా," అంది చిలక, కూర్చోమనకుండానే. "నువ్వొకటి తిడితే నేను రెండు తిట్టి, సరిగ్గా మడిచేదాన్ని. నేను చేసింది చాటుగా చెరిపేస్తుంటే ఇక నా చెయ్యి అక్కడెందుకు?"

"ఇప్పుడేం చెయ్యమంటావే?"

"వంకరుంటే నాకే ఇవ్వు. నేనుండగా ఇవ్వు."

మర్నాడు నలుగురూ వచ్చారు. బడి చేజారలేదు. పెద్దమ్మ వంకర కాగితం చేతికిచ్చినప్పుడల్లా, "ఇన్ని వంకలు పెట్టేదానివి బావని ఎలా ఒప్పుకున్నావక్కా?" అనేది చిలక. అంటూనే మడిచేది.

పెద్దమ్మ మూలనున్న కోత మెషీను చూపించింది. కుట్టిన పుస్తకాల అంచులు సమంగా కోసేది అదే. "నేను అన్నం మానుకుని సరిచేసిన వంకరల్లో సగం, దీని కింద పడి చెత్తబుట్టలోకి పోయేవే!" అని పడీపడీ నవ్వింది.

నేను పైకి వెళ్ళేసరికి అత్తయ్య బ్యాగు పక్కనే కూర్చున్నారు. ఒళ్ళో పాప నిద్రపోతోంది. స్టవ్ పక్కన ఆవిడ కడిగి పెట్టిన సీసా అడుగున తెల్లటి చార. నా చెయ్యి దాని మీదికి వెళ్ళింది. అలాగే తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాను.

"అత్తయ్యా, ఇదొకసారి చూస్తారా? అడుగున పాలు మిగిలినట్టున్నాయి."

"నువ్వే కడుక్కో తల్లీ. నా చేతులు నీకు పనికిరావుగా."

"ఆ చేతుల్లో తప్ప పాప నిద్రపోదు. ఇకమీదట మీరు చేసింది నేను మళ్ళీ చెయ్యను. బాగోలేకపోతే మీతోనే చెబుతాను."

అత్తయ్య పాపని నా ఒళ్ళో పడుకోబెట్టి, సీసాని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పారు.

"అబ్బో, కళ్ళా అవి, భూతద్దాలా!" అంటూ సింకు దగ్గరికి నడిచారు. సాయంత్రానికి బ్యాగు మంచం కిందికి చేరింది.

ఆవిడ డైపరు వేస్తుంటే ఇప్పటికీ నా చేతులు దురదపెడతాయి. అప్పుడు ఆ రోజు నేను లేచి వస్తుంటే పెద్దమ్మ అన్నది గుర్తు చేసుకుంటాను: "కోత మెషీనుకి పోయే వంకరని వదిలెయ్. పోనిది ఉంటే, చేసినవాళ్ళ చేతికే ఇవ్వు. తిట్టుకున్నా సరే, వాళ్ళుండగానే ఇవ్వు."