రూతుకు రాదని చెప్పిన

పదకొండేండ్ల సంది ఒక్క మాట నా గొంతుల ముల్లు లెక్క ఇరుక్కొని ఉన్నది. మా ఆయనకు చెప్పలే. బీచుపల్లి ఆంజనేయస్వామి ముంగట చేతులు జోడిచ్చి నిలబడి కూడ చెప్పలే. మీకెందుకు చెప్తున్న? మీరు నన్ను ఎరగరు గనక.

అప్పుడు మల్దకల్ దిక్కు ఒక సర్కారు బడిల ఇంగ్లీష్ చెప్తుంటి. తనిఖీకి సార్లు వస్తున్నరంటే మాకొక ఉపాయం ఉండె. ప్రశ్న అడగంగనే పిల్లలందరు చెయ్యి లేపాలె. వచ్చినోళ్ళు కుడిచెయ్యి, రానోళ్ళు ఎడమచెయ్యి. సారుకు క్లాసంత చేతులే కనబడ్తయి, నేను కుడిచెయ్యోళ్ళనే పేరు పెట్టి పిలుస్త. పాత టీచర్లు చెప్పిండ్రు, నేను పాటించిన. తప్పని ఒక్కనాడు అనిపించలే.

ఏడో తరగతిల రూతు అని ఒక పిల్ల ఉండె. అమ్మనాయన పూనాల బిల్డింగుల పనికి పోతుండ్రి. రూతు గూడ వాళ్ళెంబడి పోయి రెండు నెల్లకు వాళ్ళతోనే తిరిగొచ్చింది. బడికే రాని పిల్లకు ఏమొస్తదని, అడగకుండనే ఎడమచెయ్యి అని చెప్పిన. ఒక్కసారి అడిగితే నా సొమ్మేం పోతుండె?

తనిఖీ నాడు పాఠం వర్తమానకాలం. వర్క్ అనే మాటను ఎవరెవరికి ఎట్ల వాడాల్నో సారు అడిగిండు. చేతులు లేచినయి. నేను నోరు తెరిచేలోపల్నే సారు రూతును లేపిండు. ఆ పిల్ల లేచి ఐ వర్క్, యూ వర్క్, హీ వర్క్స్, షీ వర్క్స్, దే వర్క్ అని గుక్క తిప్పుకోకుండ చెప్పింది. సొంతంగ ఒకటి చెప్పమంటే మై ఫాదర్ వర్క్స్ ఇన్ పూనా అన్నది. సారు మెచ్చుకొని, మరి ఎడమచెయ్యి ఎందుకు లేపినవమ్మా అన్నడు. రానోళ్ళు గిట్ల లేపాల్నని మేడం చెప్పింది సార్, అన్నది.

సారు పక్కనున్న హెడ్మాస్టర్ దిక్కు చూసి నవ్విండు. ఆ నవ్వుకు నా ఒళ్ళంత మండింది. ఎవరి మీద మండాలె? నా మీద. కని మండింది పన్నెండేండ్ల పిల్ల మీద.

నాలుగు రోజులకు రూతు నాయన ఏసోబు పిల్లను ఎంబడేసుకొని బడికొచ్చిండు. మర్నాడు పొద్దుగాల కూలోళ్ళను తోల్కపోయే మేస్త్రి జీపు పూనాకు పోతదంట. చదువు అబ్బుతదంటే అవ్వ దగ్గర ఇడిసిపెట్టి పోత, లేకుంటే పనికి తోల్కపోత అన్నడు. ఆయనకు అక్షరం ముక్క రాదు. నా మాటే రాత.

"నిజం చెప్పుర్రి మేడం. ఈమెకు ఇంగ్లీష్ వస్తదా?"

"రాదు."

"ఇంకో ఏడాదైతేనన్న?"

"రాదు ఏసోబు. తోల్కపో."

రూతు నా దిక్కు చూసింది. అది అబద్ధమని అక్కడ తెల్సింది మా ఇద్దరికే. ఎదురు చెప్తదేమో అనుకున్న. చెప్పలే, తల వంచుకున్నది. భయపడ్డదా? లేక టీచర్ అన్నది గనక నాకు నిజంగనే రాదేమో అనుకున్నదా? ఇన్నేండ్లు నన్ను కుదురుగ ఉండనియ్యనిది గదే.

తెల్లారేసరికి నా కోపం దిగింది. జీపును ఆపొచ్చు, వాళ్ళ వాడ నడిచిపోయేంత దూరమే. చెప్పులేసుకొని గడప దాక పోయిన. పోయి ఏమని చెప్పాలె? చెప్పులు ఇడిసిన.

పోయినేడు నాగర్‌కర్నూల్ బస్టాండుల ఏసోబే నన్ను గుర్తుపట్టిండు. తప్పించుకుందామనుకున్న, ఇడిసిపెట్టలే. చాయ్ తాపిచ్చిండు. రూతుకు ఇద్దరు పిల్లలంట. పూనాలనే ఇటుకలు మోస్తున్నదంట. మీరు నిజం చెప్పబట్టి బతికిపోయినం మేడం, లేకుంటే రాని చదువుకు దాన్ని ఉత్తగనే పరేషాన్ చేస్తుంటి అని దండం పెట్టిండు. నేను తలకాయ ఊపిన. చాయ్ మొత్తం తాగిన.

మాఫీ అడుగుతలేను. అడిగే మొఖం లేదు, మీరిచ్చేది కూడ కాదు. రాస్తుంటె మాత్రం జర ఊపిరి ఆడుతున్నది. ఆనాడు బస్టాండుల నోటి దాక వచ్చి ఆగిన మాట ఇది.

ఏసోబూ, నీ బిడ్డకు ఇంగ్లీష్ వస్తుండె. నా క్లాసుల అందరికంటె మంచిగ వస్తుండె. నేను అబద్ధం చెప్పిన.