వానకు మాడిన రైలు

ఈ పొద్దు మిక్సీ మోటారు మాడింది. ఆ వాసనకు మా చెల్లెలి కరెంటు బొమ్మరైలు గుర్తొచ్చింది.

కరువులో బావుల మోటార్లన్నీ ఆడతాంటే మన ఇండ్లల్లో బల్బు ఎర్రగా మిణుకుమనేది, గుర్తుందా? ఆ కరెంటుకు రైలు కదిలేది కాదు. ఆ తక్కువ కరెంటుకే రైలు నడిచేటట్ల నాయన ఒక రేడియో రిపేరు అంగడికి పోయి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఏరినాడు.

"నిండు కరెంటొస్తే రైలు మాడిపోతాది సామీ," అన్నాడు అంగడాయన.

"మా ఊరికి నిండు కరెంటు యాడొస్తాదప్పా!" అని నాయన నవ్వినాడు.

రైలు చక్కగా తిరిగింది. నేను రోజూ వాన కోసం దేవుని ముందర దీపం పెట్టేదాన్ని.

ఒక సాయంత్రం వాన కురిసింది. మోటార్లన్నీ ఆపేసినారు. బల్బు తెల్లగా వెలిగింది. తిరుగుతాండే రైల్లోంచి పొగ లేచింది.

"అక్కా, నిజం రైలే!" అని చెల్లెలు చప్పట్లు కొట్టింది.

నేను వైరు పీకేలోపల మాడిపోయింది.

మరుసటి పొద్దు దీపం ముందర కూర్చున్నాను. దేవుణ్ణి ఏమడగాలో తెలీలేదు.