పిల్లలు దాచలేని పగులు

మా పెద్దమ్మను వీధివాళ్లు బోసిగోడమ్మ అనేవారు. ఆమె స్టూడియోలో కొండలూ జలపాతాలూ గీసిన తెర లేదు, ప్లాస్టిక్ పూలకుండీ లేదు, సింహాసనం లాంటి కుర్చీ లేదు. ఉన్నవల్లా ఒక తెల్లటి సున్నపు గోడ, దాని పక్కన ఉత్తరపు కిటికీ, ఒక ముక్కాలిపీట. వచ్చిన మనిషిని ఆ గోడ ముందు నిలబెట్టి, ఉల్లిపాయ పొరలు ఒలిచినట్టు ఒలిచేది.

“ఆ గొలుసు మీ ఆయన చేతికివ్వు. సంచీ కింద పెట్టు. ఆ నవ్వు కూడా వద్దులేమ్మా, అరువు తెచ్చుకున్నట్టుంది.”

“నవ్వు కూడా లేకపోతే ఇంకేం మిగుల్తుందండీ?” అని కొత్తగా కాపురానికొచ్చిన దర్జీ భార్య గొడవపడిందట.

“నువ్వు మిగుల్తావు. చాలదూ?”

ఆ ఫొటో నేను చూశాను. ముప్పాతిక వంతు వట్టి తెలుపు; ఒక పక్కగా ఆమె, మెడ దగ్గర నల్లటి గీతలా చీర అంచు. ఆ చీర ఏ రంగుదో ఇప్పుడు ఆమెకే గుర్తులేదు. ఆ పొగరుచూపు మాత్రం అలాగే ఉంది.

చిన్నప్పుడు పెద్దమ్మ నన్ను చీకటిగదిలోకి రానిచ్చేది. ఎర్రబల్బు కింద, పళ్లెంలోని మందునీళ్లలో, తెల్లకాగితం మీద ముందు జుట్టు తేలేది, తర్వాత కళ్లు. “తొందరపడకే, వస్తున్నారు,” అనేది, గుమ్మంలోకి చుట్టాలొస్తున్నట్టు. రంగుల ఫొటోలు వచ్చి గిరాకీ పలచబడ్డాక కూడా ఆ గొంతులో ఆత్రం తగ్గలేదు.

ఆ గోడకు ఒకే ఒక్క మచ్చ. నడుమెత్తున, కోడికాలి ఆకారంలో పగులు. ఎన్నిసార్లు పూడ్చినా, ఎంత సున్నం కొట్టినా తేలేది. పెద్దవాళ్లను సరిగ్గా దానికి అడ్డంగా నిలబెట్టేది. పసిపిల్లలు అంత ఎత్తుండరు. పగులు వాళ్ల నెత్తిమీద కనిపించేది. అందుకని పైభాగం కత్తిరించిన కాపీని తల్లిదండ్రులకిచ్చి, కత్తిరించనిదాన్ని ఒక బిస్కెట్ల డబ్బాలో పడేసేది. దాన్ని తప్పుల డబ్బా అనేది. ఎవరికీ చూపించేది కాదు.

ఆ వీధి మొత్తం నిన్నగాక మొన్న లేచిన ఆక్రమణ అని, ఖాళీ చేయాలని నోటీసు వచ్చింది. మూడు తరాలు కాపురముంటున్న వీధిని ఒక వాక్యంతో కొట్టేయవచ్చునని నమ్మిన ఆ అధికారి మీద నాకు కలిగిన కోపం ఇంకా చల్లారలేదు, చల్లారనివ్వను. వీధి తరఫున కేసు వేసి, ఇంటింటి నుంచీ పాత ఫొటోలు ఏరి కోర్టులో పెట్టాను. అన్నీ పెద్దమ్మ తీసినవే. అవతలి వకీలు నవ్వాడు. “వీటిలో వీధి ఎక్కడుంది? తెల్లగోడ ఎక్కడైనా ఉంటుంది.”

కేసు మరుసటి వాయిదాకు పడింది. అదే వీధిలోని స్టూడియోకొచ్చి పెద్దమ్మ మీద విరుచుకుపడ్డాను. “ఒక్క గుమ్మమో, ఒక్క బోర్డో ఉంచకపోయావా!”

ఆమె ముఖం పాలిపోయింది. “నా మూలంగా వీధి పోతుందటే?” అంది. కాసేపటికి లోపల్నుంచి ఆ డబ్బా తెచ్చి, “ఉన్నవి ఇంకా ఇవే. పాడైనవి,” అంటూ తలదించుకుని నా ఒళ్లో పెట్టింది.

ఏమైందో కనుక్కుందామని వచ్చిన దర్జీ దంపతులు పక్కనే ఉన్నారు. నిక్కరొక్కటే తొడుక్కున్న మూడేళ్ల కుర్రాడి ఫొటో దర్జీ భార్య చేతికి తగిలింది. ఆ కుర్రాడు ఆమె మొగుడే. ఫొటోనూ గోడనూ మార్చి మార్చి చూసింది.

“ఈ కోడికాలు ఆ కోడికాలే కదండీ!”

నెరిసిన జుట్టుతో దర్జీ వెళ్లి గోడ ముందు నిలబడ్డాడు. అప్పుడు నెత్తిమీదున్న పగులు ఇప్పుడు పొట్ట వెనక దాక్కుంది.

“ఆ బొజ్జ కాస్త పక్కకి జరుపుకోవయ్యా, సాక్ష్యం కనపడొద్దూ!” అంది భార్య. పెద్దమ్మ కూడా నవ్వింది.

కోర్టు పంపిన కమిషనర్ ఆ ఫొటోను గోడకు ఆనించి, చీలికకు చీలిక సరిచూశాడు. దర్జీ వయసే గోడ వయసు చెప్పింది. తుది తీర్పు వరకు ఇళ్లూ గోడలూ ఉన్నవి ఉన్నట్టే ఉండాలని స్టే వచ్చింది. ఆ ఉత్తర్వు పెద్దమ్మకు చదివి వినిపించాను.

“అంటే పగులు పూడ్చకూడదా?”

“ముట్టుకోకూడదు. సున్నం కూడా వద్దు.”

“బతుకంతా దాన్ని దాచడానికే సరిపోయిందే నాకు,” అంది. ముక్కాలిపీటను పక్కకు లాగి, కెమెరా సర్దుకుని, ఎవరూ నిలబడని ఆ గోడను ఒక్క ఫొటో తీసింది.

తీర్పు ఇంకా రాలేదు. పెద్దమ్మ ఇప్పుడు లేదు. వీధి ఉంది. ఆ ఫొటో నా బల్ల మీద ఉంది: తెలుపు, నడుమ కోడికాలు. దాని పైభాగం ఆమె కత్తిరించలేదు.